తిప్పి పెట్టని ఈనెపుల్ల

బందరు నుంచి వస్తూ పామర్రులో గుడివాడ రోడ్డుకి తిరిగితే చాలు, నా ఫోను మోగుతుంది. మొన్న ఆదివారం కూడా అంతే. పక్కసీట్లో లడ్డూల డబ్బా, ఎదురుగా ఫోనులో రోడ్ల పటం, పటం మధ్యలో నీలం చుక్క, చుక్క ముందు ఒక చిన్న బాణం. అప్పుడే వాన వెలిసింది. పకోడీల బండి దగ్గర నూనె మసులుతోంది. వెనకనున్న ధాన్యం లారీవాడు, పామర్రు సెంటరు వాళ్ళ నాన్న కట్టించినట్టు హారను వాయిస్తున్నాడు. మలుపులో ఆ బాణం మెల్లగా పక్కకి తిరిగింది. ఫోను మోగింది. మా బావ. స్పీకరు నొక్కాను.

“తిరిగావా?”

“తిరిగాను బావా.”

“మీటరు ముల్లు ఎంత మీదుంది?”

“మలుపుకి ముందూ ముప్పై, తర్వాతా ముప్పై.”

“అయితే మారింది,” అని పెట్టేశాడు.

కుశలం అడగలేదు, భోజనానికి వస్తున్నావా అనలేదు. కొత్తవాళ్ళెవరైనా వింటే ఈయనకి కాస్త తేడా చేసిందనుకుంటారు. నాకు మాత్రం ఆ మాట వినపడ్డప్పుడల్లా ఒక వరద గుర్తొస్తుంది. ఎందుకో చెప్పాలంటే దివిసీమలో ఏటిగట్టు మీద గడిచిన ఒక మధ్యాహ్నం గురించి చెప్పాలి. నేను చెప్పేవాటిలో సగం నమ్మొద్దని మా అక్క ఊరూరా ప్రచారం చేసి పెట్టింది. ఇది ఆ సగంలోది కాదు. అయినా మధ్యలో ఎక్కడైనా నా నోరు దారి తప్పితే మీరే సర్దుకోండి.

మా బావ గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పేవాడు. అందరు లెక్చరర్లకీ చొక్కా జేబులో పెన్ను ఉంటే, ఈయన జేబులో కొబ్బరి ఈనెపుల్లలుండేవి. సదిశ అంటే బోర్డు మీద గీసే బాణం గుర్తు కాదురా, చేత్తో పట్టుకుని తిప్పగలిగే వస్తువు అనేవాడు. పుల్ల లావుగా ఉన్న వైపు మొదలు, సన్నగా ఉన్న వైపు కొస. ఆ కొసే బాణం. ఆయన పాఠాల దెబ్బకి మా అక్క ఇంట్లో ఏ చీపురూ పూర్తిగా అరిగి చావలేదు. కొన్న వారానికే పలచబడి, పిలకలాగా మిగిలేది. “మీ శిష్యులకి ఫిజిక్సు వచ్చిందో లేదో గానీ నా ఇంట్లో దుమ్ము మాత్రం పోవట్లేదండీ,” అని అక్క గోల. ఆవిడా పంతులమ్మే. అవనిగడ్డకి దిగువన ఏటి మధ్యలో ఉన్న ఒక లంకలో చిన్న బడి ఆవిడది. పొద్దున్నే పడవలో వెళ్ళి సాయంత్రం పడవలో వచ్చేది. రిటైరుమెంటు దగ్గరపడినా, ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవే అంటే వినేది కాదు. ఆ పడవ తప్ప తనకి మొగుడి మాటా తమ్ముడి అబద్ధాలూ వినపడని చోటు ఇంకోటి లేదనేది. కాపురం అవనిగడ్డలో. నేను ఎరువుల కంపెనీ ఏజెంటుగా దివిసీమంతా తిరుగుతూ, తిరుగుడు తక్కువా వాళ్ళింట్లో భోజనాలెక్కువాగా ఉండేవాణ్ణి.

బావ పాఠాల్లో ఒకటి మాకందరికీ కంఠతా. “బందరు నుంచి వస్తున్న బస్సు పామర్రులో గుడివాడ వైపు తిరిగింది. ముల్లు కదల్లేదు. వేగం మారిందా?” అని అడిగేవాడు. క్లాసంతా మారలేదు సార్ అని అరిచేది. “మరి నువ్వెందుకురా పక్కాయన ఒళ్ళో పడ్డావు?” అనేవాడు. ముల్లు చూపించేది వడి. వడికి దిక్కు తోడైతే అది వేగం. దిక్కు మారితే వేగం మారినట్టే, ముల్లు కదలకపోయినా సరే. ఎంత మారిందో తెలియాలంటే చివరి వేగంలోంచి మొదటి వేగాన్ని తీసెయ్యాలి. పుల్లలోంచి పుల్లని తీసెయ్యడం ఎలా? మొదటి పుల్లని వెనక్కి తిప్పి, దాని మొదలుని రెండో పుల్ల కొసకి ఆనించాలి. రెండోదాని మొదలు నుంచి, తిప్పిన పుల్ల కొస దాకా ఒక గీత గియ్యాలి. ఆ గీతే మార్పు. ఎవడో తోస్తే తప్ప ఆ మార్పు రాదు. తోసినవాడు ఎటు తోశాడో కూడా ఆ గీతే చెబుతుంది. తిప్పకుండా ఆనిస్తే అది తీసివేత కాదు, కూడిక. అక్కడ మాత్రం బావకి జాలి ఉండేది కాదు. పుల్ల తిప్పని వాడికి సున్నా.

అలా సున్నాలు తెచ్చుకున్నవాళ్ళలో అక్క బడి ఉన్న లంకకి ఎదురుగా, గట్టు మీద ఊరి కుర్రాడొకడున్నాడు. రెండేళ్ళు ఫిజిక్సులో కూర్చుండిపోయి, మూడో ఏడు చదువుకి దణ్ణం పెట్టి రొయ్యల చెరువుల్లో దిగాడు. దిగినవాడు ములగకుండా తేలి, మెళ్ళో పులిగోరు, చెరువు గట్టున జనరేటరు, ఏటిలో సొంత మోటారు పడవతో ఊళ్ళో మొనగాడయ్యాడు. బావ కనపడితే మాత్రం ఇప్పటికీ పులిగోరు చొక్కాలోకి తోసేసి, “బాగున్నారా సారూ?” అంటాడు. సారు అటు వెళ్ళాక, “పుల్లకి ప్రాణం తీశాడన్నయ్యా ఈయన,” అని నాతో అంటాడు.

ఆ ఏడు పైన వానలు ఎడతెరిపి లేకుండా కురిశాయి. బెజవాడలో బ్యారేజీ గేట్లెత్తారు. లంక ఖాళీ చెయ్యమని చెప్పారు, జనాన్ని పెద్ద పడవల్లో గట్టుకి చేర్చారు. అక్క ఆ పెద్ద పడవల్లో రావచ్చు. రాలేదు. బళ్ళో పిల్లల పుస్తకాల పెట్టెలు అటక మీదకి ఎక్కించేదాకా కదలనంది. ఆఖరున, రోజూ తీసుకెళ్ళే సరంగుతో ఆ చిన్న ఇంజను పడవలోనే బయల్దేరింది. ఏటి మధ్యకి వచ్చేసరికి గుర్రపుడెక్క దుబ్బులు దుబ్బులుగా కొట్టుకొచ్చి పంకాకి చుట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. గెడ వేస్తే అందే లోతు కాదు. అక్క బావకి ఫోను చేసింది. గట్టు మీద ఆవిడ కోసం ఎదురుచూస్తూ నేనూ పక్కనే ఉన్నాను. ఏడుపు లేదు, కేక లేదు. బళ్ళో హాజరు వేసే గొంతే. “ఇంజను ఆగింది. ఫోనులో ఛార్జింగ్ లేదు, మాట్లాడితే అయిపోతుంది. ఎక్కడున్నానో కనిపించేట్టు పెట్టాను, చుక్కని చూసుకోండి,” అని పెట్టేసింది. వానకి ఏరు కనపడటంలేదు. గట్టు కింద తుమ్మచెట్లు నడుముల దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వాటికి అవతల బూడిదరంగు తప్ప ఇంకేమీ లేదు. ఆ బూడిదరంగులో ఎక్కడో మా అక్క. మా చేతిలో నీలం చుక్క.

ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. ఏటిలో పోయినదేదైనా దిగువ రేవులో దొరుకుతుంది. బిందె జారిపోయినా, గడ్డివామి కొట్టుకుపోయినా, తాడు తెంపుకుని దూడ దిగిపోయినా, ఎవరూ వెంటపడి ఈదరు. తాపీగా నడిచి దిగువ రేవుకి పోయి కూర్చుంటారు. అక్కడ ఏరు గట్టుకి దగ్గరగా వస్తుంది, ఏది తెచ్చినా అక్కడ పడేస్తుంది. మా తాత పంచె పై రేవులో పోతే దిగువ రేవులో ఉతికి మడతపెట్టి దొరికిందని నేను చెప్పే కథ ఒకటుంది. ఆ ఊరివాళ్ళు దానికి నవ్వరు, కావచ్చంటారు. అందుకే పడవ ఇంజను ఆగిందని తెలియగానే ఊరు ఊరంతా, చెప్పినవాడు లేకుండానే, దిగువ రేవుకి పరిగెత్తింది. బావ శిష్యుడు తాళ్ళూ టైరు ట్యూబులూ వేసుకుని మోటారు పడవని అక్కడే సిద్ధంగా పెట్టాడు. ఆ వరదలో ఏటికి అడ్డంపడగల పడవ ఊరికంతటికీ అదొక్కటే.

మేమిద్దరం మాత్రం ఎగువ గట్టు మీదే ఉండిపోయాం. కాళ్ళు రాక కాదు. బావ చుక్క మీంచి కళ్ళు తిప్పడంలేదు. నా స్కూటరు సీటు మీద వాన నీళ్ళు చేత్తో తుడిచాడు, నన్ను గొడుగు పట్టమన్నాడు, జేబులోంచి పుల్లలు తీశాడు. సమానమైన వ్యవధి పెట్టుకుని చుక్క ఎంత జరిగింది, ఎటు జరిగింది చూసి, ఆ పొడవుకి పుల్ల విరిచాడు. మొదటి పుల్ల సూటిగా దక్షిణానికి. ఏరు పోయే దారే. ఇంకోసారి చూసి రెండోది విరిచాడు. అది ఆగ్నేయానికి మళ్ళింది. రెండూ ఒకే పొడవు.

“వడి పెరగలేదుగా బావా, మార్పేం లేదన్నమాట,” అన్నాను, నాకే ధైర్యం చెప్పుకుంటూ.

ఇంకో రోజైతే ఆ మాటకి నన్ను పామర్రు బస్సెక్కించేవాడు. ఆ రోజు విననే లేదు. కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. మొదటి పుల్ల పెట్టాడు, దాని కొసకి రెండోదాన్ని ఆనించాడు, ఈ చివర నుంచి ఆ చివరకి వేలితో తడి మీద గీత గీశాడు. గీత తిన్నగా దిగువ రేవుని చూపించింది. “అటే,” అన్నాడు. ఊపిరి వదిలాడు. నేనూ వదిలాను. ఊరి అలవాటూ ఫిజిక్సూ ఒకే మాట చెప్పాయి కదా, ఇంకేం కావాలి? ఆ మాట రేవులో వాళ్ళకీ చెబుదామని శిష్యుడికి ఫోను చేశాను.

“అన్నయ్యా, ఇప్పుడేం కథ?” అన్నాడు. “మొన్న గట్టు మీద మొసలికి లిఫ్టిచ్చానన్నావు. అవనిగడ్డలో దిగి థాంక్స్ చెప్పిందన్నావు.”

“కథ కాదురా బాబూ. మీ సారు లెక్క వేశారు. అక్క అటే వస్తుందంట. పడవ కదపొద్దు.”

“లెక్కా? పుల్లలు పెట్టారా?” ఆ వానలో, ఆ భయంలో కూడా వాడి గొంతులో పాత మంట ఒకటి లేచింది. “మొదటి పుల్ల తిప్పారా అని అడుగు సారుని. దానికేగా నన్ను రెండేళ్ళు ఏడిపించాడు. అడుగన్నయ్యా, అడుగు.”

వాడు ఎత్తిపొడవడానికే అన్నాడు. నేనూ నోరు ఊరుకోక అలాగే అందించాను. “తిప్పావా అంటున్నాడు బావా.”

బావ సీటు వైపు చూశాడు. నేనూ చూశాను. రెండు పుల్లలు. రెండు సన్న కొసలూ దిగువకే. ఏదీ వెనక్కి తిరిగి లేదు. ఎంతమందికి సున్నా వేశాడో, ఎంతమంది చేత ఆ పుల్ల తిప్పించాడో, ఆయన ఆ రోజు తిప్పలేదు. ఆ ముఖంలోంచి రక్తం దిగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఈ మాటలో అతిశయోక్తి లేదు. గొడుగు నా చేతిలోంచి జారి గట్టు దిగి పోయింది, ఎవరూ పట్టుకోలేదు. ఆయన మొదటి పుల్ల తీసి వెనక్కి తిప్పి, రెండోదాని కొసకి ఆనించాడు. గీత గియ్యక్కర్లేకపోయింది. మార్పు తూర్పుకి, అంటే మా గట్టు వైపుకి ఉంది. తూర్పుకి, కొంచెం ఎగువకి మొగ్గి. ఏరు దక్షిణానికి పోతుంటే పడవని గట్టు వైపుకి, అదీ ఎగువకి మొగ్గేట్టు, లాగేది ఏమిటి?

“పాత తూము,” అన్నాడు బావ.

మేమున్నచోటికి కాస్త దిగువన, మలుపు అవతల, గట్టులో పాత తూము ఒకటుంది. దాని తలుపు పుచ్చిపోతే ఇసక బస్తాలు పేర్చి ఊరుకున్నారు. జనమంతా రేవులో ఉండటంతో అటు చూసినవాడు లేడు. బస్తాలు జారితే ఏరు అందులోంచి పొలాల మీదకి దూకుతుంది. దూకేటప్పుడు దొరికినదాన్నల్లా లాక్కుపోతుంది. పడవ ఆ లాగుడులో పడిందన్నమాట. అది దిగువ రేవు దాకా రాదు. తూములోకి పోతుంది. తూము ఇటుక గోడలకి ఆ చిన్న పడవ ఒక కోడిగుడ్డు.

బావ నా చేతిలో ఫోను లాక్కున్నాడు. “ఒరే, తప్పు నాది. తిప్పలేదు. పడవ తీసుకుని పాత తూము దగ్గరకి రా.”

అవతల వాడేదో అంటున్నాడు, వాడి చుట్టూ జనం అరుస్తున్నారు. ఇక్కడికే వస్తుంది, ఎప్పుడూ ఇక్కడికే వస్తుంది, పడవ కదపొద్దు అని. అందరి గొంతులూ ఆ చిన్న రంధ్రంలోంచి వినపడుతున్నాయి. వాళ్ళదీ ప్రేమే. ఒక్కటే పడవ. అది తూముకి వచ్చాక అక్క రేవు మీదుగా కొట్టుకుపోతే, ఆ తర్వాత సముద్రం తప్ప ఇంకో రేవు లేదు.

“నేనొచ్చాక మేడం గారు ఇటొస్తే?” అన్నాడు వాడు. ఎగతాళి పోయింది, క్లాసులో నిలబెట్టినట్టుంది గొంతు.

“ఆ సంగతి నాకు తెలుసురా.”

“ఈసారి తిప్పారా సారూ?”

“తిప్పాను.”

“వస్తున్నా.”

గట్టు మీద బురదలో స్కూటరు నేను నడిపానో అదే నన్ను నడిపిందో తెలియదు. బావ వెనక కూర్చుని ఒక చేత్తో నా భుజం, ఇంకో చేతి గుప్పిట్లో పుల్లలు పట్టుకున్నాడు. దారిలో ఒక్కసారి, “చుక్క ఆగిపోయింది,” అన్నాడు. ఛార్జింగ్ అయిపోయిందో, ఫోను నీళ్ళలో పడిందో, అంతకన్నా ఘోరమో. నేను ఆపలేదు. ఆపితే వెనక్కి తిరిగి ఆయన ముఖం చూడాలి. జీవితంలో నోటికొచ్చినన్ని కథలు చెప్పినవాణ్ణి, ఆ కాస్త దూరంలో ఆయనకి చెప్పడానికి ఒక్క అబద్ధం దొరకలేదు.

తూము కనపడకముందే వినపడింది. బస్తాల్లో సగం లేవు. ఎర్రనీళ్ళు సుడి తిరిగి, నోరు తెరిచి, కిందికి దిగిపోతున్నాయి. గుర్రపుడెక్క దుబ్బులు ఒకటొకటే వచ్చి ఆ నోట్లో పడి అవతల ముక్కలై తేలుతున్నాయి. పడవ లేదు. అక్క లేదు. శిష్యుడూ రాలేదు. బావ గట్టు అంచున నిలబడి ఆ ఎర్రనీళ్ళకేసి చూస్తూ, “మళ్ళీ తప్పేమో రా. నేను మళ్ళీ తప్పు చేశానేమో,” అంటున్నాడు. రేవులో పడవని నేనే తీయించేశాను, ఇప్పుడు అటు కొట్టుకుపోతే ఆపే దిక్కు లేదు, అన్నాడు. నేను ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకున్నాను. దూకుతాడనిపించింది. ఆ చొక్కా తడి ఇప్పటికీ నా గుప్పిట్లో ఉంది.

తుమ్మచెట్ల మధ్యలోంచి మొదట ఒక చెయ్యి కనపడింది. ఆ తర్వాత పడవ. అడ్డంగా, ముక్కు పైకెత్తి, తిన్నగా తూము కేసి వస్తోంది. సరంగు ఒక తుమ్మకొమ్మని కౌగిలించుకుని దాన్ని ఆపాలని చూస్తున్నాడు. కొమ్మ విరిగింది. అక్క పడవ మధ్యలో కూర్చుని ఉంది, చెంగు నడుముకి బిగించుకుని, చెప్పుల్లేకుండా. అప్పుడు మలుపులోంచి మోటారు చప్పుడు. శిష్యుడు ఎదురునీటికి పడవ గింజుకుంటుంటే బూతులు తిడుతూ, మధ్యలో సారుని చూసి బూతు మింగేస్తూ వచ్చాడు. తాడు విసిరాడు. అందలేదు. మళ్ళీ విసిరాడు. సరంగు అందుకుని అక్క నడుముకి చుట్టాడు, తనూ పట్టుకున్నాడు. ఇద్దరూ నీళ్ళలో పడ్డారు. ఖాళీ పడవ తూములోకి పోయింది. ఆ చప్పుడు రాయడం నాకు చేతకాదు.

గట్టు మీదకి లాగాక అక్క చాలాసేపు నీళ్ళు కక్కింది. తర్వాత తల ఎత్తి బావ గుప్పిట చూసింది. వేళ్ళు బిగుసుకుపోయి, పుల్లలు అరచేతిలో దిగబడి రక్తం కారుతోంది. “కొత్త చీపురేనా?” అంది. బావ నవ్వలేదు. అక్క కాళ్ళ దగ్గర బురదలో కూలబడి, “తిప్పలేదే. నేను తిప్పలేదు,” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్క ఆ వేళ్ళు ఒకటొకటే విప్పింది. శిష్యుడు పక్కకి తిరిగి, పులిగోరు చొక్కాలోకి తోసుకుని, ఏటికేసి చూస్తూ నిలబడ్డాడు.

మరుసటి ఏడే వాళ్ళు గుడివాడ వచ్చేశారు. అక్క రిటైరైంది, బావా రిటైరయ్యాడు. ఇంట్లో చీపురు ఇప్పుడు ఒత్తుగా ఉంటుంది. పుల్లలు మానేసి ఆయన చుక్కలు పట్టుకున్నాడు. అక్క గుమ్మం దాటితే ఫోను ముందేసుకుని కూర్చుంటాడు. కూరలకి వెళ్ళినా అంతే, బందరులో పెళ్ళికి వెళ్ళినా అంతే. చుక్క ఎక్కడ మలుపు తిరిగినా ఆయనకి ఎవరో ఒకరు తిరిగామని చెప్పాలి. అక్క చెబితే ఆవిడ ధైర్యం కోసం చెబుతుందని నమ్మడు. నా చేత చెప్పిస్తాడు. లోకంలో నా మాట నమ్మే మనిషి ఆయనొక్కడే, అదీ ఆ ఒక్క విషయంలోనే.

మొన్న ఆయన ఫోను పెట్టేశాక, వెనకసీట్లో పట్టుచీర నలగకుండా ఒరిగి నిద్రపోతున్న అక్క కళ్ళు తెరవకుండానే, “మారిందన్నారా?” అంది.

“అన్నాడు.”

“సరే, పోనీ,” అని మళ్ళీ పడుకుంది.

పోనిచ్చాను. మా ఇంట్లో గడియారం ముల్లు ఆ వరదకి ముందూ తర్వాతా ఒకే వడితో తిరుగుతోంది. మా ముగ్గురి కాలం మాత్రం ఆ గట్టు మీద దిక్కు మార్చుకుని, ఇంకా ఆ మలుపులోనే ఉంది.